ఖాన్గీ బడి నుంచి సర్కారు బడికి: ఇంటిచదువు తగాదా

పిల్లవానిని బడికి పంపి తీరవలసినదేనా, ఇంటనే ఉంచి చదివించరాదా అన్న ప్రశ్న కొంతకాలంగా చదువుకున్న తలిదండ్రుల మధ్య వినవస్తున్నది. పటాన్‌చెరువు చుట్టూ, అమీన్‌పూరు, తెల్లాపూరు వైపున లేచిన కొత్త కాలనీలలో దీనికి హోంస్కూలింగు అని పేరు. సమర్థకులు చెప్పే కారణాలు తీసిపారవేయదగినవి కావు. బడి మార్కుల కార్ఖానా అయింది. పిల్లలు తెల్లవారకముందే బస్సెక్కి పొద్దుగూకినాక దిగుతున్నారు. ప్రశ్న అడిగినవానికి జవాబు చెప్పే తీరిక పంతులుకు లేదు. జీతం చాలని పంతులుకు అసలే లేదు. గైడు కంఠతా పట్టినవాడే తెలివైనవాడుగా చలామణి అవుతున్నాడు. ఆరేళ్ళ కూతురు ఉన్న తండ్రిగా ఈ మాటలలోని నిజం నాకూ తెలుసు.

ఐతే ఈ వాదం చేసేవారు దీనిని నిన్నమొన్న అమెరికా నుంచి దిగిన కొత్త సిద్ధాంతంగా చెప్పటమే వింతగా ఉన్నది. 1971లో ఇవాన్ ఇల్లిచ్ సమాజాన్ని బడి పట్టునుంచి విడిపించాలన్నాడు. 1977లో జాన్ హోల్ట్ ఇంటివద్ద చదివించే తలిదండ్రులకోసం ఒక పత్రికే నడపసాగాడు. ఇవి చాలామందికి తెలిసిన సంగతులే. కాని ఇల్లా, బడా అన్న తగాదా మన దేశంలో అంతకు నూటయాభై యేండ్ల ముందే సర్కారు లెక్కలకు ఎక్కింది. ఇక మంజీర గట్టున, నేటి సంగారెడ్డి జిల్లాలో, అది ఒక ప్రజోద్యమం పుట్టుకతోనే ముడివడి ఉన్నది. ఆ చరిత్ర తిరగవేయకుండా జవాబు చెప్పబూనితే ఎవరి ఇంటిని గురించి మాట్లాడుతున్నామో మనకే తెలియకుండా పోతుంది.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో తన ఏలుబడిలోని బడుల లెక్క తీయించాడు. కలెక్టర్ల నివేదికలు రావటానికి యేండ్లు పట్టింది. 1826 మార్చిలో ఆయన రాసిన మినిట్ ప్రకారం మద్రాసు రాజధాని మొత్తంమీద 12,498 బడులున్నవి, వాటిలో సుమారు 1,88,000 మంది పిల్లలున్నారు. మన చర్చకు పనికివచ్చే అంకె మరొకటి ఉన్నది. మద్రాసు నగరంలో బడులకు పోయేవారు ఐదున్నర వేలమందే గాని, ఇండ్లలో చదువుతున్నవారు దాదాపు ఇరవైయేడు వేలమందని అక్కడి కలెక్టరు రాశాడు. మన్రోకే ఇది నమ్మశక్యంగా తోచలేదు. ఎక్కడో పొరపాటు ఉండవచ్చునన్నాడు. అయినా, బంధువులవద్దనో ఇంటికి వచ్చే పంతులువద్దనో చదువుకోవటం ఆనాడు మామూలు సంగతి అన్నమాట మాత్రం ఆయన కాదనలేదు. ఇరవైయేడు వేలలో ఆడపిల్లలు నామమాత్రం.

ఆ లెక్కలలోనే బళ్ళారి కలెక్టరు క్యాంబెల్ 1823లో పంపిన నివేదిక ఉన్నది. తెలుగు, కన్నడ బడులు కలిసి ఉన్న జిల్లా అది: 533 బడులు, 6,641 మంది పిల్లలు. బడులు క్షీణిస్తున్నవని చెప్పి క్యాంబెల్ కారణం కూడా చెప్పాడు. యూరపు సరుకు వచ్చి ఇక్కడి చేతిపనివారి బతుకు చితికింది. పంతులుకు ఇచ్చుకోలేని తండ్రి పిల్లవాని లేతచేతులు పనికి వంగగానే పనిలో పెడుతున్నాడు. సామ్రాజ్యవాదపు సొంత ఉద్యోగి చేసిన ఈ వాఙ్మూలాన్ని మనవాళ్ళు తగినంతగా వాడుకోలేదు. పాత వీధిబడులను స్వర్ణయుగంగా చూపటానికి మన్రో లెక్కలు ఉదహరించేవారు క్యాంబెల్ మాటలలో మొదటిసగం చదివి, పిల్లవాడు పనిలోకి పోయిన రెండోసగం దగ్గర పేజీ తిప్పేస్తారు. ఇంట పుస్తకం ఉన్నవానికి ఇల్లు బడి అయింది. ఇంట మగ్గం ఉన్నవానికి ఇల్లు పనిచోటు అయింది.

మన్రో లెక్క నిజాం ఇలాకా సరిహద్దు దాటి రాలేదు. ఇక్కడి కథ వేరు. 1880 దశకంలో పారసీ స్థానంలో ఉర్దూ రాజభాష అయింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంగా ఏర్పడింది. వైద్యం, ఇంజనీరింగు కూడా ఒక దేశభాషలో చెప్పవచ్చునని లోకానికి రుజువు చేసిన ఘనత దానిది. దానిని కాదనటం చరిత్రకు అన్యాయం. కాని సంస్థానంలో ఇంచుమించు సగం జనం మాతృభాష తెలుగు. ఆ సగానికి పల్లెలో బడి దొరకటమే అరుదు; దొరికిన బడిలో పైతరగతులకు పోవాలంటే ఇంటిభాష గుమ్మంలో వదిలిపెట్టాలి. 1951 జనాభా లెక్కలనాటికి కూడా హైదరాబాదు రాష్ట్రంలో చదవను రాయను వచ్చినవారు వందకు పదిమంది లేరు.

ఇటువంటి చోట తెలుగు అక్షరం బతికినది ఖాన్గీ బడులలో. ఈ మాట దగ్గర కాసేపు ఆగవలసి ఉన్నది. పారసీలో ఖానా అంటే ఇల్లు. ఖాన్గీ అంటే ఇంటిది, సొంతానిది, సర్కారుది కానిది. హోంస్కూలు అన్న ఇంగ్లీషు మాటను తెనిగించటానికి కొందరు మిత్రులు పడుతున్న తంటాలు చూస్తే నవ్వు వస్తుంది. మన తాతలు ఆ మాట వాడి, అరగదీసి, మరిచిపోయారు కూడా.

పంతులు ఇంటి అరుగు, లేదా ఊళ్ళో ఒక కలవారి వసారా, లేదా గుడి మంటపం. ఇసుకలో ఓనమాలు, ఆపైన పెద్దబాలశిక్ష, శతకాలు, ఎక్కాలు. జీతం గింజల రూపంలో. ఇదీ ఖాన్గీ బడి. దీనిపక్కనే ఇంకొక ఇంటిచదువు కూడా ఉండినది: దేశ్‌ముఖుల గడీలకు పంతులూ మౌల్వీ నడిచివచ్చి దొరబిడ్డలకు చెప్పిపోయే చదువు. రెండూ ఇంటిచదువులే. గడీలో చెప్పిన చదువు గడీ గోడ దాటలేదు. అరుగుమీద చెప్పిన చదువు వీధిలో పోయేవాని చెవిన కూడా పడింది. అలాగని అరుగును ఆదర్శీకరించవద్దు. మాల మాదిగల పిల్లలు ఆ అరుగు ఎక్కలేదు. అందుకే భాగ్యరెడ్డివర్మ 1910లో హైదరాబాదు ఇసామియా బజారులో వారికోసం వేరే బడి తెరవవలసి వచ్చింది. ఆ ఒక్కబడి పెరిగి అనేక తెలుగు బడులైనవి, తరువాత వాటిని ప్రభుత్వం స్వీకరించింది. ఈ చివరి ముక్క ముఖ్యం. ప్రైవేటుగా మొదలుపెట్టినవాడు దానిని సొంతానికి ఉంచుకోవాలనుకోలేదు.

1920 దశకంలో నిజాం విద్యాశాఖ ఖాన్గీ బడులమీద నిబంధనలు విధించింది. ముందుగా అనుమతి లేనిదే బడి పెట్టరాదు. వేలసంఖ్యలో ఉండిన బడులు కొద్దియేండ్లలోనే చాలావరకు మూతబడినవి. ఇంటి అరుగుమీద పదిమంది పిల్లలు కూచుని గుణింతం చదవటానికి కూడా సర్కారు ముద్ర కావలసివచ్చిన రోజులవి. సర్కారు తాను బడి పెట్టదు, ఊరివారిని పెట్టనివ్వదు. ఈనాడు బడికి పంపమనే చట్టాన్ని ప్రభుత్వ నిర్బంధమని విమర్శించేవారు అసలు నిర్బంధం ఎట్లా ఉండేదో ఇక్కడ చూడవచ్చు.

1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధనిలో సంఘసంస్కార సభ జరిగింది. అధ్యక్షుడు మహర్షి కార్వే. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలో గేలిచేశారు. ఆ రాత్రి పుట్టినదే ఆంధ్రజనసంఘం. అది పెరిగి 1930 మార్చిలో జోగిపేటలో, సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన, మొదటి నిజామాంధ్ర మహాసభ అయింది. దానితోపాటు జరిగిన మహిళాసభకు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షురాలు. జోగిపేట అప్పటి మెదకు జిల్లాలోది. 2016 అక్టోబరులో ఏర్పడిన సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. ఖాన్గీ బడులమీద ఆంక్షలు తీసివేయాలన్నది, ప్రాథమిక విద్య మాతృభాషలో ఉండాలన్నది ఆ ఉద్యమం ఏటేటా అడుగుతూవచ్చిన కోర్కెలు. మా ఇండ్లలో మేము చదువుకుంటాం, మా జోలికి రావద్దని వారు అడగలేదు. ఇంటి బడిని బతకనివ్వు, సర్కారు బడిని మా భాషలో తెరువు అని రెండూ కలిపి అడిగారు.

జోగిపేటను ఆనుకునే అందోలు ఉన్నది. నేడు రెండూ కలిసి ఒకే మునిసిపాలిటీ. ఈ పత్రిక చదివేవారికి మఖ్దూం మొహియుద్దీన్‌ను పరిచయం చేయనక్కరలేదు. ఆయన పుట్టినది అందోలులో, 1908 ఫిబ్రవరి 4న. చిన్ననాడే తండ్రి పోతే పినతండ్రి పెంచాడు. రష్యాలో విప్లవం వచ్చిందట, అక్కడ అందరూ ఒకే దస్తర్‌ఖాన్ ముందు కూచుని తింటారట అన్న సంగతి మఖ్దూం మొదట విన్నది ఆ ఇంట్లోనే, పినతండ్రి నోట. ఇల్లు ఇవ్వగలిగిన చదువులో ఇంతకు మించినది ఏముంటుంది! అయినా ఇల్లు ఇచ్చినది అంతవరకే. ఉస్మానియాలో ఎం.ఏ. దాకా చదివించి, సిటీ కాలేజీలో లెక్చరరుగా నిలబెట్టి, తన తరపు యువకులతో కలిపినది బడి. ఆ బడి ఆయన ఇంటిభాషలో ఉండినది. అదే కాలంలో, కూతవేటు దూరంలో జోగిపేటలో పుట్టిన పేద తెలుగు పిల్లవానికి అంతటి బడి లేదు. ఇందులో ఉర్దూ దోషం రవంత కూడా లేదు. ఒక పిల్లవానికి అందిన న్యాయం పక్కవానికి అందలేదు, అంతే. ఆ న్యాయం అందరికీ కావాలని కొట్లాడినవారిలో మఖ్దూం కూడా ఒకడు.

ఆడపిల్లల సంగతికి వస్తే ఇంటిచదువు మరింత చిక్కు. బండారు అచ్చమాంబ బడికి పోలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే ఇంట్లోనే అక్షరం నేర్చి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది. దీనిని ఇంటిచదువు విజయంగా చెప్పేవారున్నారు. కొమర్రాజు వంటి తమ్ముడు లేని అక్కల లెక్క ఎవరు చెప్పాలి? మాడపాటి హనుమంతరావు ప్రభృతులు 1928లో హైదరాబాదులో తెలుగు మాధ్యమంగా బాలికల పాఠశాల తెరిచినప్పుడు, ఆ భాష కారణంగానే సర్కారు గుర్తింపు దొరకక, పూనాలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడపవలసి వచ్చింది. మరాఠీ దేశంతో సంబంధం కలుపుకొని అయినా ఆడపిల్లలను ఇంటినుంచి బడికి రప్పించాలన్న పట్టుదల అది. ఇంట్లోనే చెప్పించుకోవటం వారికి ఎంతో సులువుగా ఉండేది.

ఇంటిచదువును నమ్మినవారిలో మనదేశంలో అందరికంటె పెద్దపేరు గాంధీది. 1897లో భార్యాబిడ్డలతో దర్బనులో దిగినాక, తెల్లవారి బడిలో తన పిల్లలకు మినహాయింపుగా చోటు దొరికే వీలున్నా ఆయన చేర్చలేదు. తక్కిన భారతీయుల పిల్లలకు లేనిది తన పిల్లలకు ఎందుకు అన్నది ఆయన తర్కం. ఇంటివద్ద, నడకలలో, తీరిక దొరికినంత మేరకు తానే చెప్పాడు. అక్షరవిద్యలో వారికి లోటు చేశానని ఆత్మకథలో ఒప్పుకున్నాడు. పెద్దకొడుకు హరిలాల్ ఆ లోటును జీవితాంతం మరువలేదు. నేటి కాలనీల తండ్రులు గాంధీ పేరు చెప్పేటప్పుడు ఒక సంగతి దాటవేస్తారు. ఆయన ఇంట ఉంచినది పక్కవాని పిల్లలకు మూసిన తలుపు తన పిల్లలకు తెరవటం అవమానమనిపించి. వీరు ఇంట ఉంచుతున్నది పక్కవాని పిల్లలకు తెరిచిన తలుపులో తమ పిల్లలు దూరటం నామోషీ అనిపించి. ఈ మాట కొందరికి కష్టంగా తోచవచ్చు. అందరి ఉద్దేశమూ అది కాదని నాకు తెలుసు. బడిలో పసివానిని కొట్టారని, కులం పేరుతో కించపరిచారని మాన్పించిన తలిదండ్రులు ఉన్నారు. వారి ఫిర్యాదు బడిని బాగుచేయమనే ఫిర్యాదు, బడి అక్కరలేదని కాదు.

చట్టం కథ క్లుప్తంగా చెప్పవచ్చు. నిర్బంధ ప్రాథమిక విద్యకోసం 1911లో గోఖలే తెచ్చిన బిల్లు మరుసటి యేడు వీగిపోయింది. పద్నాలుగేండ్ల లోపు పిల్లలందరికీ పదేండ్లలో చదువు చెబుతామని 1950లో రాజ్యాంగం మాట ఇచ్చింది. 1960 వచ్చింది, పోయింది. 1993లో, ఆంధ్రప్రదేశ్ కాలేజీల క్యాపిటేషను ఫీజుల తగాదాగా మొదలైన ఉన్నికృష్ణన్ కేసులో, సుప్రీంకోర్టు పద్నాలుగేండ్ల దాకా చదువు ప్రాథమిక హక్కు అన్నది. 2002లో రాజ్యాంగ సవరణ, 2009లో చట్టం. ఆ చట్టం పదో సెక్షను పిల్లలను సమీపంలోని బడిలో చేర్చటం తల్లిదండ్రుల విధి అంటుంది, కాని చేర్చనివారికి శిక్ష చెప్పదు. సార్వత్రిక విద్యాలయం పరీక్ష రాయించుకునే దారీ ఉన్నది. అంటే సౌకర్యం ఉన్నవారికి ఇంటిచదువు నేడు పెద్ద ఇబ్బంది లేకుండా నడుస్తుంది.

సౌకర్యం లేనివారి సంగతి మన పొరుగున రంగారెడ్డి జిల్లాలో 1991నుంచి శాంతాసిన్హా, ఎం.వి. ఫౌండేషను కార్యకర్తలు తేల్చి చెప్పారు. బడిలో లేని ప్రతి పిల్లా పనిలో ఉన్న పిల్లే అన్నది వారి సూత్రం. పగలు పని, రాత్రి చదువు అన్న ఏర్పాటును వారు ఒప్పుకోలేదు. పేద తండ్రికి చదువుమీద ఆశ లేదన్నది అబద్ధమని ఊరూరా తిరిగి చూపారు. 1986 బాలకార్మిక చట్టం కుటుంబంతో కలిసి చేసే పనిని మినహాయించింది. 2016 సవరణ కూడా బడివేళ తరువాత కుటుంబపు పనిలో సాయపడవచ్చునన్నది. ఇల్లు అన్నమాట చట్టంలో దూరితే కాలనీ పిల్లవానికి అది స్వేచ్ఛ, బీడీ చుట్టే ఇంటి పిల్లకు అది సంకెల.

ఇక మన కర్మాగారాల పట్టీ. 1960 దశకంలో రామచంద్రాపురానికి బి.హెచ్.ఇ.ఎల్. వచ్చింది, 1972లో పటాన్‌చెరువుకు ఇక్రిశాట్ వచ్చింది, ఆ తరువాత పారిశ్రామికవాడలు వరుసగా లేచినవి. ప్రభుత్వరంగంలో పర్మనెంటు కార్మికునికి ఉద్యోగంతోపాటు క్వార్టరు, క్వార్టరుతోపాటు బడి దొరికినవి. ఆ బడులలో ఫోర్‌మన్ కొడుకూ ఇంజనీరు కూతురూ ఒక బల్లమీద కూచున్నారు. తరువాత వచ్చిన కాంట్రాక్టు కార్మికునికి ఉద్యోగమే నిలకడ లేదు, బడి ఎక్కడిది? 2025 జూన్ 30న పాశమైలారంలోని మందుల కర్మాగారంలో పేలుడు జరిగి నలభైమందికి పైగా చనిపోయినప్పుడు, ఆ మృతులలో ఎందరు బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్ వంటి చోట్లనుంచి వచ్చినవారో దేశం చూసింది. ఇక్కడ పనిచేస్తున్నది ఎవరో అప్పటిదాకా పక్క కాలనీకే సరిగా తెలియదు.

2020లో అందరి పిల్లలకూ కొన్నాళ్ళు ఇల్లే బడి అయింది. ఏప్రిల్ 29న కంది వద్ద ఐఐటీ భవనాలు కడుతున్న వలస కార్మికులు ఇంటికి పంపమని రోడ్డెక్కారు. మే 1న లింగంపల్లినుంచి జార్ఖండులోని హటియాకు దేశంలోకెల్లా మొదటి శ్రామిక రైలు పన్నెండువందల మందితో వెళ్ళింది. సెప్టెంబరు 1నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్ళలో సర్కారు పాఠాలు మొదలైనవి. టీవీ ఉన్న ఇంట పాఠం ఉన్నది. ఒకే గది ఉన్న ఇంట ఆ పాఠం ముందు వంట, చంటిబిడ్డ, రాత్రిషిఫ్టు చేసి నిద్రపోతున్న తండ్రి ఉన్నారు. ఇంటిచదువును సిద్ధాంతంగా కాక అనుభవంగా చూసినవాళ్ళు ఆ తల్లులే. 2021 సెప్టెంబరులో బడులు పూర్తిగా తెరిచిన రోజున పిల్లలను పంపటానికి వారికి ఎవరూ ఉపన్యాసం చెప్పనక్కర లేకపోయింది.

నా కూతురిని సర్కారు బడిలో వేశాను. అదేమీ త్యాగం కాదు. అక్కడ చదివే పిల్లలకంటె ఆమె ఏమంత వేరు? నన్ను బాధించేది మరొకటి. 2022-23నుంచి మన సర్కారు బడులలో ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది. తెలుగు చెప్పి బతికేవానికి ఇది మింగుడుపడని సంగతి. కాని దీనిని అడిగినది ఎక్కువగా పేద తలిదండ్రులే. కలవారి బిడ్డ ఇంగ్లీషులో చదివి ఉద్యోగం చేసుకుంటుంటే నా బిడ్డ ఒక్కడే మాతృభాషను మోయాలా అని ఒక కూలీ తండ్రి నన్ను అడిగాడు. జోగిపేట తీర్మానాలు ఆయనకు వినిపించి లాభం లేదు. ఉర్దూ రానివానికి కచేరీ తలుపు మూసి ఉండబట్టే ఆ తీర్మానాలు పుట్టినవి. నేడు కచేరీ భాష ఇంగ్లీషు, ఆయన తలుపు దగ్గరనే నిలుచున్నాడు.

ఆ తలుపు దగ్గర ఇప్పుడు మరొక పిల్లవాడు కూడా ఉన్నాడు. ఇంట భోజ్‌పురీ గాని ఒడియా గాని మాట్లాడే ఈ పిల్లవానికి బడిలో ఇంగ్లీషు పరాయిది, తెలుగూ పరాయిదే. 1930లో జోగిపేట పిల్లవాడు ఉర్దూ పుస్తకం ముందు ఎట్లా కూచున్నాడో మన పుస్తకం ముందు వాడు అట్లా కూచుంటున్నాడు. వానికి ఖాన్గీ బడి పెట్టగల పంతులు ఆ కార్మికుల గదులలో లేడు. 2009 చట్టం 29వ సెక్షను బోధన సాధ్యమైనంత వరకు మాతృభాషలో ఉండాలంటుంది. ఆ సాధ్యం ఎంతవరకు అన్నదానికి తెలంగాణాలో ఒక చిన్న ఉదాహరణ ఉన్నది. ఒడిశానుంచి ఇటుకబట్టీలకు వచ్చే కూలీల పిల్లలకోసం బట్టీల వద్దనే ఒడియా బడులు నడిచినవి. పుస్తకాలు ఒడిశానుంచి వచ్చినవి, చెప్పేవారూ అక్కడివారే. బట్టీ కాలినన్నాళ్ళు బడి నడిచింది; వానలకు ముందు పని ముగిసి తలిదండ్రులు రైలెక్కితే పిల్లలు పలకలు పట్టుకుని వెంటపోయారు.